2.75 శాతం వాటాతో ఐఎంఎఫ్‌లో మన మాట ఎంత చెల్లుతుంది?

రీడింగ్‌రూమ్_అశోక్‌నగర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నా. అంతర్జాతీయ సంస్థల సంస్కరణలు అనే టాపిక్ దగ్గర బండి ఆగిపోయింది.

2025 మే 9న ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) బోర్డు పాకిస్తాన్‌కి సుమారు 100 కోట్ల డాలర్ల అప్పు వాయిదా విడుదల చేసింది. ఆ రోజు సరిహద్దులో ఏం జరుగుతోందో మీకు చెప్పక్కర్లేదు. మనవాళ్లు ఓటింగ్‌కి దూరంగా ఉన్నారు. ఆ రాత్రి మా రూమ్‌లో మొదలైన గొడవ ఇప్పటికీ తెగలేదు. "అమెరికాకి వీటో ఉంది, మనకి లేదు, అంతే" అంటాడు మావాడు. నోట్స్ తీస్తే అమెరికా ఓట్లు 16.5 శాతమే. నూటికి పదహారున్నరతో వీటో ఎలా వస్తుంది? నిజంగా ఉంటే, అమెరికా ఒక్కటే అనుకుంటే ఆ అప్పు ఆగిపోయేదా? మనం వ్యతిరేకంగా ఓటేయకుండా తప్పుకోవడం ఏంటి? ఆర్థిక వ్యవస్థ ఇంత పెరిగాక కూడా మన కోటా (ఐఎంఎఫ్ మూలధనంలో మన వాటా) 2.75 శాతం దగ్గరే ఎందుకు కూర్చుంది?

ఇంకోటి, నవ్వకండి. ప్రపంచబ్యాంకు అధ్యక్షుడు అజయ్ బంగా మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినాయనే కదా. దానివల్ల మనకేమన్నా కలిసొచ్చిందా?

"నెట్‌లో వెతుక్కో" అనకండి, వెతికే ఇక్కడికొచ్చా.

ఒకే_మాట

డబ్బున్నోడిదే రాజ్యం తమ్ముడూ, దీనికి ఇన్ని పేజీల నోట్స్ ఎందుకు? బ్రిక్స్ వాళ్లు గట్టిగా నిలబడితే వాషింగ్టన్ దుకాణం మూతే. హాయిగా పడుకో.

ఎల్‌సీ_కౌంటర్_విశాఖ

పడుకోమనడం తేలికే గానీ, పరీక్ష రాసేది ఆ అబ్బాయి. నేను ఒక ప్రభుత్వ బ్యాంకులో విదేశీ మారక విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. ఐఎంఎఫ్ గుమ్మం తొక్కినవాణ్ణి కాదు, దాని దెబ్బ కౌంటర్ ఇవతల నుంచి చూసినవాణ్ణి.

ముందు వీటో సంగతి. ఐఎంఎఫ్ రాజ్యాంగంలో "వీటో" అన్న హక్కు ఎవరికీ రాసిపెట్టి లేదు. పెద్ద నిర్ణయాలకు, అంటే కోటాలు మార్చడానికి, నిబంధనావళి సవరించడానికి, ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ తానే సృష్టించి సభ్యదేశాలకు ఇచ్చే నిల్వ ఆస్తి) పంచడానికి, మొత్తం ఓట్లలో 85 శాతం కావాలి. 100 లోంచి 16.5 తీస్తే 83.5. అంటే మిగతా ప్రపంచమంతా ఒక్కటైనా 85 అందదు. మొదట్లో ఈ హద్దు 80 శాతం ఉండేది. 1969 సవరణలో కొన్నింటికి 85 చేశారు, 1978 సవరణ నాటికి అది ఇంకా విస్తరించింది. అప్పటికి అమెరికా ఓటు 20 దగ్గరకు జారుతోంది, ఇంకాస్త జారితే 80 శాతం హద్దు దానికి పనికిరాదు. వాటా తగ్గుతుంటే హద్దు పైకి జరిగింది. 1969లో ఐరోపా వాళ్లు కూడా ఈ 85ని కావాలనే కోరుకున్నారు, వాళ్లంతా కలిస్తే వాళ్లకీ ఆపే బలం వస్తుంది కాబట్టి. అందుకే ఒక్క అమెరికానే తిట్టి ఊరుకోకు.

అయితే నీ రూమ్మేట్ పప్పులో కాలేసింది ఎక్కడంటే, ఒక దేశానికి అప్పివ్వడానికి 85 శాతం అక్కర్లేదు. పడిన ఓట్లలో సగానికి పైన వస్తే చాలు. ఆ రోజు అమెరికా ఒక్కటే "వద్దు" అన్నా, లెక్క ప్రకారం అప్పు ఆగదు. మన ఓటు 2.63 శాతం. మనం వ్యతిరేకంగా ఓటేసినా డబ్బు వెళ్లిపోయేదే. పైగా అక్కడ చేతులెత్తి లెక్కపెట్టే పద్ధతి అరుదు. సభ అభిప్రాయం ఎటుందో ఛైర్మన్ గ్రహించి నిర్ణయం ప్రకటిస్తారు, కావాలంటే ఏ డైరెక్టరైనా అధికారికంగా ఓటింగ్ అడగొచ్చు. ఓడిపోతామని తెలిసిన చోట తప్పుకుని, మన అభ్యంతరాలు రికార్డులోకి ఎక్కించడం దౌత్యంలో పాత అలవాటే. అది ధైర్యమా పిరికితనమా అన్నది టీవీ వాళ్లకు వదిలేద్దాం.

ఇక కోటా. దాని పుట్టుక తెలిస్తే నీకు సగం మెయిన్స్ అయిపోయినట్టే.

1943 వసంతంలో అమెరికా ట్రెజరీలో హ్యారీ వైట్ అనే అధికారి రేమండ్ మైక్సెల్ అనే కుర్ర ఆర్థికవేత్తను పిలిచి కోటాల సూత్రం ఒకటి కట్టమన్నాడు. జవాబు ముందే చెప్పాడు. అమెరికాకు సుమారు 290 కోట్ల డాలర్లు రావాలి, బ్రిటన్‌కూ దాని వలస రాజ్యాలకూ కలిపి అందులో సగం, రష్యాకు బ్రిటన్ కంటే కొంచెం తక్కువ, చైనాకు ఇంకొంచెం తక్కువ. దీనికి సరిపడే లెక్క పట్టుకు రమ్మన్నాడు. ఆయన నాలుగు రోజులు కూర్చుని జాతీయాదాయంలో 2 శాతం, బంగారం, డాలర్ నిల్వల్లో 5 శాతం, సగటు దిగుమతుల్లో 10 శాతం, ఎగుమతుల ఒడుదొడుకుల్లో 10 శాతం అంటూ ఒకటి అల్లాడు. మరుసటి ఏడు బ్రెట్టన్‌వుడ్స్‌లో 44 దేశాల సభ జరిగినప్పుడు దాన్ని వివరించమంటే, ఇరవై నిమిషాలు డొంకతిరుగుడుగా మాట్లాడి గట్టెక్కానని తర్వాత ఆయనే రాసుకున్నాడు. నాకు ఆ మనిషి మీద ఒకరకమైన జాలి. మేనేజర్ ముందే రాసిచ్చిన లాభానికి బ్యాలెన్స్ షీట్ సర్దిన గుమాస్తాలను నేనూ చూశాను.

ఆ సభకు మన దేశం తరఫున జెరెమీ రైస్‌మన్ నాయకత్వంలో సి.డి. దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి, ఎ.డి. ష్రాఫ్ వగైరా వెళ్లారు. చైనాకు 55 కోట్ల డాలర్లు ఇచ్చి మనకు తక్కువేమిటని పోట్లాడారు. చివరకు 40 కోట్లు దక్కింది. మొత్తం 880 కోట్లలో అది నాలుగున్నర శాతం. తీరా రష్యా చేరలేదు కాబట్టి మనం మొదటి అయిదు దేశాల్లోకి వచ్చి, ఎవరి ఓట్లూ అడగకుండా డైరెక్టర్‌ని నియమించుకునే హోదా పొందాం. అయితే అది అవిభక్త భారతం. పాకిస్తాన్, బంగ్లాదేశ్ కూడా ఆ 40 కోట్లలోనే ఉన్నాయి.

తర్వాత జర్మనీ, జపాన్ లేచి నిలబడ్డాయి, మనం జారుతూ వచ్చాం. 2000 దశకం మొదట్లో 1.9 శాతం దగ్గరుంది మన వాటా. 2006లో సింగపూర్ సమావేశంలో చైనా, కొరియా, మెక్సికో, టర్కీలకు మాత్రం విడిగా పెంచారు. భారత్, బ్రెజిల్, అర్జెంటీనా, ఈజిప్టు వద్దన్నాయి. అయినా 90 శాతం పైగా ఓట్లతో నెగ్గింది. అంటే మనం గట్టిగా వ్యతిరేకించి ఓడిన రోజులూ ఉన్నాయి, మీ తరం వాళ్లకు తెలియదు. 2010 అక్టోబర్‌లో కొరియాలోని గ్యోంగ్జులో జీ-20 ఆర్థికమంత్రులు కుదుర్చుకున్న ఒప్పందంతో 2.44 నుంచి 2.75కి వచ్చాం, పదకొండో స్థానం నుంచి ఎనిమిదికి. ఆ డిసెంబర్‌లోనే గవర్నర్లు ఆమోదించారు. అమలయింది ఎప్పుడు? 2016 జనవరి 26న. మధ్యలో అయిదేళ్లు అమెరికన్ కాంగ్రెస్ గదిలో ఫైలు పడుంది.

నీకు కోటా అంటే ఓటు ఒక్కటే అనిపిస్తుంది. కాదు. ఎంత అప్పు తీసుకోవచ్చో కూడా దాన్నిబట్టే. 2021 ఆగస్టులో కోవిడ్ పేరుతో 65,000 కోట్ల డాలర్ల విలువైన ఎస్‌డీఆర్‌లు పంచినప్పుడు అవీ కోటా నిష్పత్తిలోనే. మనకు దాదాపు 1,790 కోట్ల డాలర్ల విలువైనవి వచ్చాయి. అల్పాదాయ దేశాలన్నింటికీ కలిపి వచ్చింది 2,100 కోట్ల చిల్లర. ఎవరికి అవసరమో వారికి కాదు, ఎవరి దగ్గర ఉందో వారికే ఎక్కువ.

అవసరం అంటే ఏమిటో 1991లో చూశాను. ఆ వేసవిలో ఎల్‌సీ, అంటే దిగుమతి సరుకుకు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ, తెరవాలంటే ముందే కట్టాల్సిన నగదు మార్జిన్ 200 శాతం. ఫిషింగ్ హార్బర్‌లో మరపడవల ఇంజిన్లకు విడిభాగాలు తెప్పించే ఒకాయన మా కౌంటర్ దగ్గరకు ఎప్పటిలాగే ప్రొఫార్మా ఇన్‌వాయిస్ పట్టుకొచ్చాడు. అయిదు లక్షల సరుకు. "పది లక్షలు డిపాజిట్ చెయ్యండి" అన్నాను. నేను పొరపాటున ఒక సున్నా ఎక్కువ చెప్పాననుకుని మళ్లీ అడిగాడు. సర్క్యులర్ తిప్పి చూపించాను. చదివి, కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ జులైలోనే రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారం ఇంగ్లండ్, జపాన్ బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టి 40 కోట్ల డాలర్లు తెచ్చింది. పి.వి. గద్దెనెక్కి నెల తిరక్కముందు. ఆ రోజుల్లో ఆర్థికశాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారం చూసిన అధికారుల్లో కడప జిల్లా వై.వి. రెడ్డి ఒకరు. అదే వై.వి. రెడ్డి 2002లో ఐఎంఎఫ్ బోర్డులో మన డైరెక్టర్‌గా కూర్చున్నారు, ఆ తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు. 2009 నవంబర్‌లో, దువ్వూరి సుబ్బారావు గవర్నర్‌గా ఉండగా, రిజర్వు బ్యాంకు అదే ఐఎంఎఫ్ దగ్గర 200 టన్నుల బంగారం కొన్నది, 670 కోట్ల డాలర్లకు. ఆ వార్త చదివి మా రిటైర్డ్ బ్యాచ్ అంతా ఫోన్లు చేసుకున్నాం. కోటా సూత్రంలో మాత్రం విదేశీ నిల్వలకు ఇచ్చే విలువ 5 శాతమే.

బంగా సంగతి: బేగంపేటలో చదివిన మాట నిజం. ఆ కుర్చీ వచ్చింది మాత్రం అమెరికా పౌరుడు కాబట్టి, 2023లో అమెరికా అధ్యక్షుడు పేరు ప్రతిపాదించాడు కాబట్టి. ప్రపంచబ్యాంకు అమెరికాకు, ఐఎంఎఫ్ ఐరోపాకు అన్నది ఎక్కడా రాయని పంపకం. 2011లో బ్రిక్స్ దేశాల డైరెక్టర్లు కలిసి ఇదేం పద్ధతని ప్రకటన ఇచ్చారు, అయినా ఐఎంఎఫ్ అధిపతిగా ఫ్రాన్స్ నుంచి లగార్డే వచ్చింది. 2019లో అదే పదవికి బల్గేరియాకు చెందిన జార్జియేవాకు వయోపరిమితి అడ్డొస్తే ఆ పరిమితే తీసేశారు. మన దగ్గర కుర్రాళ్లు గ్రూప్స్‌కి వయసు సడలింపు అడిగితే ఏళ్లు పడుతుంది.

కొలంబో_లెడ్జర్

పెద్దాయన చెప్పిన దాంట్లో ఒక ముక్క మిగిలింది, అది నాకు రోజూ తగిలేది కాబట్టి రాస్తున్నా. మాది కాకినాడ. కొలంబో శివార్లలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను.

ఐఎంఎఫ్ బోర్డులో భారత్ కుర్చీ భారత్‌ది ఒక్కదానిదే కాదు. బంగ్లాదేశ్, భూటాన్, శ్రీలంక కూడా అదే కుర్చీ కింద ఉన్నాయి. మొత్తం కలిపి 3 శాతం పైచిలుకు. ఒక డైరెక్టర్ తన కింద ఉన్న దేశాల ఓట్లను విడదీసి వేయడానికి లేదు, అన్నీ ఒకే మూటగా పడాలి. అంటే మే 9న మనం తప్పుకున్నప్పుడు, నియమం ప్రకారం శ్రీలంక ఓటు కూడా తప్పుకున్నట్టే. మర్నాడు క్యాంటీన్‌లో మా పర్చేజ్ మేనేజర్, సింహళీయుడు, పరోటా తుంచుతూ అడిగాడు: "పాకిస్తాన్‌తో మాకేం గొడవ? మమ్మల్నెవరన్నా అడిగారా?" వెటకారంగా కాదు, మామూలుగానే. నేను టీ తాగుతూ కూర్చున్నా. ఆల్టర్నేట్ డైరెక్టర్ పదవి శ్రీలంక వాళ్లకో బంగ్లాదేశ్ వాళ్లకో వస్తుంటుంది, మాట్లాడుకునే ఉంటారులే అన్నా. నమ్మినట్టు కనిపించలేదు.

కానీ అదే కుర్చీ 2023లో వీళ్లకు పనికొచ్చింది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. అప్పిచ్చిన దేశాలు "మేం సడలిస్తాం" అని లిఖితపూర్వకంగా హామీ ఇస్తే తప్ప ఐఎంఎఫ్ బోర్డు ముందుకు కదలదు. 2023 జనవరిలో మొదట హామీ ఇచ్చింది భారత్. చైనా నుంచి సరిపడా హామీ వచ్చేసరికి మార్చి అయింది. మార్చి 20న సుమారు 300 కోట్ల డాలర్ల కార్యక్రమానికి ఆమోదం. శ్రీలంక కోటా ఎంత చిన్నదంటే, ఆ మొత్తం దాని కోటాకు 395 శాతం. పెద్దాయన "ఎంత అప్పు తీసుకోవచ్చో దాన్నిబట్టే" అన్నది ఇదే.

ఆ మధ్యకాలం ఎలా గడిచిందో చెప్తా. నా బైక్‌కి వారానికి నాలుగు లీటర్లు. క్యూఆర్ కోడ్ ఫోన్‌లో చూపిస్తే బంకులో స్కాన్ చేసి పోసేవాడు, కోటా అయిపోతే ఎంత బతిమాలినా లాభం లేదు. ఇక్కడ "కోటా" అంటే మాకు ముందు గుర్తొచ్చేది అదే. 2023 జనవరి నుంచి నెలకు లక్ష రూపాయలు దాటిన ప్రతి జీతానికీ పన్ను, 6 శాతంతో మొదలై 36 దాకా. ఆ నెల పేస్లిప్పులు తయారుచేసింది నేనే. లైన్ సూపర్‌వైజర్లు వరసగా వచ్చి "ఇది తప్పు పడింది" అనేవారు. తప్పు కాదని ఒక్కొక్కరికీ స్లాబులు విప్పి చూపించడం నా పనైంది. వ్యాట్ 8 నుంచి 12, తర్వాత 15, 2024 జనవరిలో 18.

ఈ షరతులు రాసేవాళ్లలో శ్రీలంక ఓటు విలువ ఎంతో మీరే ఊహించుకోండి. 2.75 తక్కువని మనం ఏడుస్తాం. వీళ్లు మనల్ని చూసి పెద్దన్న అనుకుంటారు.

ఒకే_మాట

అన్నలూ, అంతా బాగానే ఉంది. మరి బ్రిక్స్ సంగతేంటి? సొంత బ్యాంకు పెట్టుకున్నారుగా. చైనాతో కలిసి ఒక తోపు తోస్తే కోటా ఎందుకు కదలదు?

రీడింగ్‌రూమ్_అశోక్‌నగర్

కొలంబో అన్నా, ఒకే మూటగా ఓటు అన్నది నా నోట్స్‌లో ఎక్కడా లేదు. థాంక్స్. విశాఖ మాస్టారూ, ఒకే_మాట అన్న అడిగింది నాకూ కావాలి. 2023లో 50 శాతం పెంచారని చదివా. అయినా మన వాటా మారలేదంటే ఎలా?

ఎల్‌సీ_కౌంటర్_విశాఖ

2023 డిసెంబర్‌లో 16వ సమీక్ష ముగించి, ప్రతి దేశానికీ ఉన్నదాని మీద 50 శాతం పెంచుతామన్నారు. అందరికీ ఒకే నిష్పత్తి కాబట్టి ఎవరి వాటా అంగుళం కదల్లేదు. జపాన్ 6.47, చైనా 6.40, మనం 2.75. ప్రపంచ ఉత్పత్తిలో చైనాది ఆరో వంతుకు అటూ ఇటూ. అలాంటిది జపాన్ వెనక కూర్చుంది. డబ్బు కావాలి, సీట్లు మారకూడదు అన్న కోరికకు దీనికన్నా శుభ్రమైన పరిష్కారం దొరకదు. మనవాళ్లూ ఒప్పుకున్నారు. 2024 నవంబర్‌లో ఆఫ్రికాకు బోర్డులో ఇంకో కుర్చీ వేసి 24ని 25 చేశారు. అది మంచిదే. కుర్చీ పెరిగింది, ఓట్లు పెరగలేదు.

బ్రిక్స్ లెక్క నాకు సరదా. బ్రెజిల్, రష్యా, భారత్, చైనా, దక్షిణాఫ్రికా, ఈ మొదటి అయిదు దేశాల ఓట్లు కలిపితే 14 శాతం చిల్లర. ఆపడానికి 15 దాటాలి, ఒక్క శాతం లోపు తేడాతో ఎన్నాళ్లో ఆగిపోయారు. ఇప్పుడు ఈజిప్టు, ఇథియోపియా, ఇరాన్, యూఏఈ, ఇండోనేషియా చేరాక కాగితం మీద 16 దాటుతుంది. అంటే ఒకే_మాట గారూ, కోటాల తీర్మానం గవర్నర్ల ఓటుకు వచ్చినప్పుడు వీళ్లంతా ఒక్కమాట మీద నిలబడితే ఆపగలరు. ఆపి ఏం సాధిస్తారు? ఆగితే మిగిలేది ఇప్పుడున్న పంపకమే. అది ఎవరికి బాగుందో వాళ్లకే ఆపే బలం అక్కరకొస్తుంది. మార్పు కావాల్సినవాడికి 85 కూడగట్టే బలం కావాలి, అది లేదు.

ఇక సొంత బ్యాంకు. న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకులో అయిదుగురు వ్యవస్థాపకులకూ సమాన వాటా పెట్టారు, మొదటి అధ్యక్షుడు కె.వి. కామత్. అంతవరకు బాగుంది. కానీ ఐఎంఎఫ్‌కి బదులంటూ పెట్టుకున్న 10,000 కోట్ల డాలర్ల అత్యవసర నిధి ఒప్పందం చదువు. అందులో చైనా 4,100 కోట్లు, మనం 1,800. కష్టంలో ఉన్న దేశం తన పరిమితిలో 30 శాతం మాత్రమే నేరుగా తీసుకోవచ్చు. మిగతా 70 కావాలంటే ఐఎంఎఫ్ కార్యక్రమం ఉండాలి. అప్పిచ్చేవాడు చైనా అయినా, భారత్ అయినా, తిరిగి వస్తుందా రాదా అని షరతులు పెట్టి కాపలా కాసే మనిషి కావాలి. ఆ చెడ్డపేరు ఐఎంఎఫ్ మోస్తోంది కదా, మోయనీ అనుకున్నారు.

చైనాతో కలిసి తోసే విషయం. ఇప్పటి సూత్రంలో స్థూల ఉత్పత్తికి 50 శాతం, వాణిజ్య బహిరంగతకు (బయటి దేశాలతో ఎంత వ్యాపారం ఉందన్నదానికి) 30, ఒడుదొడుకులకు 15, నిల్వలకు 5. ఉత్పత్తి లెక్కలో కూడా మారకపు రేటు ప్రకారం కట్టిన విలువకు 60, కొనుగోలు శక్తి (స్థానిక ధరల తేడా) ప్రకారం కట్టినదానికి 40. బహిరంగత ఐరోపా చిన్న దేశాలకు వరం. బెల్జియం నుంచి నెదర్లాండ్స్‌కి లారీ వెళ్తే అంతర్జాతీయ వాణిజ్యం, శ్రీకాకుళం నుంచి కచ్‌కి వెళ్తే ఏమీ కాదు. అందుకే బహిరంగత తీసెయ్యండి, కొనుగోలు శక్తి బరువు పెంచండి అని మనం ఏళ్ల తరబడి అడుగుతున్నాం. సబబైన కోరికే. చిక్కేమిటంటే, ఉత్పత్తి బరువు ఏ రకంగా పెంచినా మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ లాభపడేది చైనా. అమెరికా కాంగ్రెస్ మన కోసం ఒప్పుకోవాలంటే చైనాను రెండో కుర్చీలో కూర్చోబెట్టడానికీ ఒప్పుకోవాలి. ఢిల్లీలో కూడా అందుకు ఎగిరి గంతేసేవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే. వాటా ఎందుకు కదలట్లేదన్న నీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే, పరీక్షలో రాస్తావో లేదో నీ ఇష్టం.

నన్నడిగితే మనం వదిలేసిన దారి ఒకటుంది: బేసిక్ ఓట్లు. కోటాతో సంబంధం లేకుండా ప్రతి సభ్యదేశానికీ సమానంగా ఇచ్చేవి. 1944లో మొత్తం ఓట్లలో 11 శాతం పైనే ఉండేవి. కోటాలు పెరుగుతూ పోయాయి, ఇవి 250 దగ్గరే ఉండిపోయాయి, కరిగి కరిగి 2 శాతం దగ్గరకొచ్చాయి. 2008 సంస్కరణతో మూడింతలు చేసి 5.5 శాతం దగ్గర కట్టేశారు. దాన్ని మళ్లీ 11 చెయ్యమంటే మనకేమీ పెరగదు, నిజానికి పిసరంత తగ్గుతుంది. భూటాన్, శ్రీలంక, ఆఫ్రికా దేశాలకు పెరుగుతుంది. చైనాకూ పెద్దగా లాభం లేదు కాబట్టి వాషింగ్టన్‌లో దాని మీద అరిచే కారణం ఒకటి తగ్గుతుంది. కొలంబో తమ్ముడి పర్చేజ్ మేనేజర్ లాంటివాళ్లు "మమ్మల్ని అడిగారా" అన్నప్పుడు చెప్పుకోవడానికి ఒక మాటైనా ఉంటుంది.

కొలంబో_లెడ్జర్

మాస్టారూ, ఆయనకు రేపు చెప్తా. ముందు అడిగేది ఏంటో నాకు తెలుసు: "తగ్గుతుందని తెలిసి మీవాళ్లు ఎందుకు అడుగుతారు?"

ఎల్‌సీ_కౌంటర్_విశాఖ

మంచి ప్రశ్న. మనకు తగ్గేది దశాంశాల్లో. బోర్డులో మన డైరెక్టర్ వేసే మూటలో బంగ్లాదేశ్, శ్రీలంక, భూటాన్ ఓట్లు పెరుగుతాయి, కుర్చీ మొత్తం మీద నష్టంలో సగం దాకా పూడిపోతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించు, అకౌంట్స్ మనిషివి కదా.